నీలంగా మిగిలిన సాక్షి

చేసిన తప్పుకు శిక్ష అప్పటికప్పుడే పడిపోతే మనిషికి ఎంత తేలికగా ఉండునో! బుధవారం సాయంత్రం రంగుల గదిలో అక్క చేసిన పనిని గురువారం ఎవరూ అడగలేదు. శుక్రవారమూ అడగలేదు. శని, ఆదివారాలు ఆసుపత్రి ల్యాబుకు సెలవు. ఇప్పుడు సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నర.

జరిగింది ఇంతే. దర్జీ అమ్మాయి తలలోంచి తీసిన గడ్డ ముక్కకు చెల్లి రంగు వేసింది. మెదడు కింద శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి మీద లేచిన గడ్డ అది. ఆపరేషన్లో అంతా రాలేదు, కొంత లోపలే ఉండిపోయింది. ఆ మిగిలినదానికి నెలనెలా ఇంజెక్షన్ సరిపోతుందా, కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాల్సిందేనా అన్నది స్లైడు మీద రంగు చెప్పాలి. గోధుమరంగు వస్తే ఇంజెక్షన్. రాకపోతే కరెంటు.

రాలేదు.

అయితే ప్రతి స్లైడు మీదా రోగి ముక్క పక్కన ఇంకో చిన్న ముక్క అతికిస్తారు. ఎప్పటిదో, ఎవరిదో క్లోమం ముక్క. దానికి గోధుమరంగు వచ్చి తీరాలి. అదీ రాలేదంటే రంగు వెయ్యడంలోనే పొరపాటు ఉందని, ఆ స్లైడు చెప్పేది నమ్మకూడదని అర్థం. ఆ ముక్కను ఈ గదిలో సాక్షి అంటారు. ఒకరు రంగు వేస్తే రెండోవాళ్ళు సాక్షిని చూసి, బాగుందనుకుంటే స్లైడు చీటీ మూల సిరాచుక్క పెట్టాలి. అప్పుడే అది పెద్ద డాక్టరు బల్ల మీదికి వెళ్ళాలి. బుధవారం నాడు సాక్షి గోధుమరంగు పట్టక, అడుగున వేసే నీలంరంగుతోనే ఉండిపోయింది. అక్క చూసింది. చూసి, చుక్క పెట్టింది.

ఎందుకు పెట్టిందో ఆమెకు తెలుసు. ఇంకెవరికీ తెలియదనుకుంటోంది.

ఆ సోమవారం స్లైడ్లు ఇచ్చే కిటికీ దగ్గర అక్కే కూర్చుంది. పొద్దున్న దేవుడికి దణ్ణం పెట్టుకోబోతే మాటలు రాలేదు. ఇంట్లో పొయ్యి మీద కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడింది. "నీకు రెండు వంటిళ్ళయ్యాయి, ఏ కుక్కరో తెలియకుండా పోతోంది" అని నవ్వాడు ఆమె భర్త. ల్యాబులోనూ స్లైడ్లను కుక్కర్లో ఉడికించాకే రంగు పడుతుంది మరి. ఇరవై రెండేళ్ళుగా ఆ రెండో వంటిల్లు ఆమెదే. చెల్లి వచ్చి మూడేళ్ళయింది.

"అక్కయ్యగారూ!"

కిటికీ అవతల దర్జీ అమ్మాయి. ముప్పై ఒక్క ఏళ్ళు. ముఖం మీద నవ్వు చిన్నపిల్లది, చేతులు మాత్రం బరువులెత్తేవాడివి.

"నా గాజుబిళ్ళలు ఇస్తారా? కరెంటు డాక్టరుగారు తెమ్మన్నారు."

"ఈవేళే కదూ?" అంది అక్క, తెలిసే.

"పదకొండింటికండి. ఒక్కసారే పెడతారట. తల కదలకుండా ముఖానికి ముసుగు వేస్తారుగా, దానికి మొన్ననే కొలతలు తీశారు. ఇన్నేళ్ళూ అందరి కొలతలూ నేను తీశాను. నా కొలత తీసినవాళ్ళు ఇప్పటికి దొరికారు."

అక్క నవ్వలేకపోయింది. పుస్తకం ముందుకు తోసి సంతకం చెయ్యమంది. ఆ వేళ్ళ మధ్య కలం అగ్గిపుల్లలా ఉంది.

"నవ్వండక్కయ్యగారూ, నేనే నవ్వుతుంటే! ఇంకోటి చెప్పనా? కత్తెర కన్నంలో బొటనవేలు పట్టనప్పుడు, కత్తెర అరిగిపోయిందనుకున్నాను. చూడండి నా తెలివి. అరిగితే కన్నం పెద్దదవుతుంది గానీ చిన్నదవుతుందా? రెండు కత్తెరలు మార్చాను. చివరికి మా ఆయన చెప్పులు నాకు సరిపోయేసరికి, అప్పుడు వచ్చాం డాక్టరు దగ్గరికి."

"స్లైడ్లు జాగ్రత్త. పగిలితే మళ్ళీ రావు."

"జాగ్రత్తగానే పట్టుకెళ్తాను. నా గడ్డకు చెవుల్లేవట కదా? మీ చెల్లెలుగారు చెప్పారు. శుక్రవారం వచ్చాను, మీరు భోజనానికి వెళ్ళారు. ఎంత ఓపికగా చెప్పారనుకున్నారు! కుట్టుమిషను తప్ప ఏమీ తెలియని నాకే అర్థమైపోయింది. ఆ చెవుల మాట ఎలా తట్టిందో ఆవిడకి!"

అక్కకు గుండెల్లో ముల్లు దిగింది.

ఆ చెవుల మాట చెల్లికి తట్టింది కాదు. అక్కది. పుస్తకాల్లో రిసెప్టర్ అని ఉంటుంది. చెల్లి కొత్తగా పనిలో చేరినప్పుడు ఆ మాట నోరు తిరగక, అర్థం కాక ఏడుపు ముఖం పెడితే, అక్క పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "మెదడు ఆ గ్రంథికి రెండు మాటలే చెబుతుందే. ఒకటి 'కానియ్యి', రెండోది 'చాలు'. మాట వినాలంటే కణానికి చెవి ఉండాలిగా? ఆ చెవే రిసెప్టర్. గడ్డ కట్టిన కణాలు మెదడు మెల్లిగా చెబితే వినవు. కానీ చెవులున్నాయనుకో, ఇంజెక్షన్ వెళ్ళి 'చాలు, చాలు' అని నెలంతా గట్టిగా అరుస్తుంది. అప్పుడు వింటాయి, ఒళ్ళు పెంచే ఆ హార్మోను తగ్గిస్తాయి. చెవులే లేకపోతే ఎంత అరిచినా గోడకి చెప్పినట్టే. మనం వేసే గోధుమరంగు ఆ చెవులకే పడుతుంది. కణం చుట్టూ గట్టు కట్టినట్టు కనిపిస్తుంది." ఇంత చెప్పింది. ఇప్పుడు ఆ మాట చెల్లెలిది అయింది.

"మా అత్తగారైతే ఈ మాట విని, 'నీ గడ్డే కదా, నీ పోలికే వచ్చింది, చెప్పింది వినదు' అంది" అని దర్జీ అమ్మాయి మళ్ళీ నవ్వింది. ఈసారి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. గొంతు తగ్గించింది. "ఇంజెక్షనైతే బాగుండేది అక్కయ్యగారూ. కరెంటు పెడితే నాలుగైదేళ్ళలో పక్కనున్న మంచి గ్రంథి కూడా మొద్దుబారొచ్చట. పిల్లల సంగతి అప్పుడిక చెప్పలేం అన్నారు. మా ఆయన ఈలోపలే కనేద్దాం అంటాడు. రేపటికి కుట్టి ఇచ్చెయ్యడానికి ఇదేమన్నా గౌనా?"

అక్క పొట్లం కట్టడంలో మునిగిపోయినట్టు తల వంచుకుంది.

"ఇందులో పొరపాటేం ఉండదు కదండీ?"

గది బయట ఎవరో స్ట్రెచర్ తోసుకుంటూ వెళ్ళారు. చక్రాల చప్పుడు దూరమయ్యేదాకా అక్క ఆగింది. ఆ చప్పుడు ఇంకొంచెంసేపు ఉంటే బాగుండుననుకుంది.

"చూసే పంపిస్తాం" అంది.

"మీరు చూశారా?"

"నేనే చూశాను."

"అమ్మయ్య! పెద్దవాళ్ళు, మీరు చూశాక ఇంకేం." ఆమె పొట్లాన్ని కళ్ళకద్దుకుని, సంచీలో మడత బట్టల మధ్య పెట్టుకుని వెళ్ళిపోయింది.

గోడ గడియారంలో పదికి పది నిమిషాలు తక్కువ. అక్క కిటికీ తలుపు మూసింది. భయం పట్టుకుంది. మనిషి మనసు ఎలాంటిదో చూడండి. లోపల పుట్టింది భయమైనా పైకి వచ్చింది మాత్రం కోపం. విసురుగా రంగుల గదిలోకి వెళ్ళింది.

చెల్లి సింకు దగ్గర గాజుపాత్రలు కడుగుతోంది.

"నేను భోజనానికి వెళ్తే చాలు, కిటికీ దగ్గర కూర్చుని పాఠాలు చెబుతున్నావట?"

"ఎవరికి?"

"ఎవరికా! దర్జీ అమ్మాయికి. నా మాటలు నావి అని చెప్పడానికి నోరు రాలేదా నీకు? చెవులట! నువ్వే కనిపెట్టావట!"

చెల్లి నీళ్ళు ఆపింది. "మా అక్క చెప్పిందనే చెప్పానే? ఆవిడ మర్చిపోయి ఉంటుంది."

"అవునులే. అందరూ నా పేరే మర్చిపోతారు. నీది మాత్రం గుర్తుంటుంది."

ఆ మాటలో మూడేళ్ళ మంట ఉంది. చెల్లి తనకంటే పదేళ్ళు చిన్న. చంకనేసుకుని తిప్పింది, జడలు వేసింది. పెద్ద డాక్టరు కాళ్ళావేళ్ళా పడి ఈ ఉద్యోగంలో పెట్టించింది. కుక్కర్ మూత పెట్టడం దగ్గర్నుంచి నేర్పింది. ఏడాది తిరక్కుండా పెద్ద డాక్టరు, "ఇది చిన్నమ్మాయి చేసిందా? చూడు, ఎంత శుభ్రంగా ఉందో!" అనడం మొదలుపెట్టింది. అక్కడితో ఆగినా బాగుండేది. అక్క చేసిన స్లైడు మైక్రోస్కోపు కింద పెడితే పెద్ద డాక్టరు ముందు సాక్షినే చూస్తుంది. అది తప్పు కాదు, అలాగే చూడాలి. ఇరవై రెండేళ్ళుగా అలాగే చూస్తోంది. చెల్లి స్లైడు పెడితే మాత్రం తిన్నగా రోగి ముక్క మీదికే వెళ్ళిపోతోంది. "చిన్నమ్మాయిదా? అయితే సరే" అని. అక్క ఎదురుగా నిలబడి ఇదంతా చూసింది. ఒకసారి కాదు, నెలల తరబడి.

అందుకే బుధవారం ఆ నీలంరంగు కనబడగానే, "ఈసారి చూస్తుందా, చూడదా?" అనుకుంది. చూస్తే చిన్నమ్మాయి పరువు కాస్త తగ్గుతుంది. చూడకపోతే... చూడకపోతే ఏమవుతుందో ఆ క్షణాన ఆలోచించలేదు. సిరా తీసి చుక్క పెట్టింది. పెద్ద డాక్టరు చూడలేదు. 'చెవులు లేవు' అని రిపోర్టు రాసేసింది. ఇప్పుడు ఆ రిపోర్టు పట్టుకుని ఓ అమ్మాయి కరెంటు గది వైపు నడుస్తోంది.

చెల్లి చేతులు తుడుచుకుంది. "స్లైడ్లు ఇచ్చేశావా అక్కా?" అని అడిగింది, చాలా మెల్లిగా.

"ఇచ్చేశాను. అడిగితే ఇవ్వనా?"

"ఏమీ చెప్పకుండానే?"

"ఏం చెప్పాలి?"

చెల్లి సొరుగు లాగి, దూదిలో చుట్టిన స్లైడు ఒకటి తీసింది. మైక్రోస్కోపు కింద పెట్టి, దీపం వెలిగించి, స్టూలు అక్క వైపు జరిపింది.

అక్క కన్ను ఆనించింది. ముందు సాక్షి. చక్కగా, బెల్లం పాకంలా గోధుమరంగు. ఇక గడ్డ ముక్క. కణం కణానికీ చుట్టూ గట్టు కట్టినట్టు అదే రంగు. ఒకటా రెండా! ఎటు తిప్పినా చెవులే. ఇన్నేళ్ళలో ఇంత నిండుగా వచ్చిన స్లైడు ఆమె చేతుల మీదుగా రాలేదు. ఆ సమయంలో కూడా, ఇంకొకరి బతుకు నూలుపోగు మీద వేలాడుతున్న ఆ సమయంలో కూడా, ఆమెకు మొదట తట్టింది అదే. 'నా చేతికి ఇలా రాదు.' దేవుడు ఒక్కో కణానికీ అన్నన్ని చెవులు పెట్టాడు. మనిషి మనసుకు 'చాలు' అన్న మాట వినబడడానికి ఒక్కటి పెట్టి ఉండకూడదా?

"ఎవరిది?" అంది, తెలిసినా.

"ఆవిడదే. శనివారం వచ్చి మళ్ళీ చేశాను."

"సెలవు రోజు ఎందుకొచ్చావు?"

"బుధవారం కుక్కర్ మూత రబ్బరు సరిగా కూర్చోలేదు. విజిల్ రాలేదు. నాకు అప్పుడే అనుమానం. సరే, అక్క చూస్తుందిగా, సాక్షి చెడితే చెబుతుందిగా అనుకున్నాను. నువ్వు చుక్క పెట్టావు. అక్క చుక్క పెట్టాక ఇంక అనుమానమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా మనసొప్పక..."

"మరి రెండు రోజులు సొరుగులో దాచి ఏం చేస్తున్నావే? అప్పుడే పరిగెత్తి చూపించొద్దూ? అందరూ మెచ్చుకునేవారుగా!"

"నీ చుక్క ఉంది అక్కా."

అక్క కన్ను మళ్ళీ మైక్రోస్కోపుకు ఆనించింది.

"సాక్షి నీలంగా ఉంటే చుక్క పెట్టినవాళ్ళను ఏం చేస్తారో నీకు నేను చెప్పాలా? ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. అందుకే నువ్వే చెబుతావని చూశాను. పొద్దున్నుంచీ నీ చుట్టూనే తిరుగుతున్నాను. పదిన్నర దాకా చూసి నేనే వెళ్ళేదాన్ని." చెల్లి కళ్ళు నిండాయి. "ఒక్క మాట అక్కా. ఆ వేళ దీపం సరిగా లేదు, కళ్ళజోడు పెట్టుకోలేదు, ఏదో ఒకటి. పొరపాటున పెట్టానను చాలు. ఇద్దరం కలిసి వెళ్దాం. తిట్లు ఇద్దరం పంచుకుందాం."

ఒప్పేసుకుని చెల్లెలి భుజం మీద తల వాల్చాల్సిన సమయం అది. అక్కకు ఆ కోరిక కలగకపోలేదు. కానీ చెల్లి చెయ్యి చాచి నిలబడిన తీరు చూస్తే మళ్ళీ అసూయే లేచింది. పనిలోనే అనుకుంది ఇన్నాళ్ళూ. క్షమించడంలోనూ ఇదే ముందు నిలబడింది. తనకు ఇక మిగిలిందేమిటి?

"ఇలా ఇవ్వు" అని స్లైడు లాక్కుంది.

"అక్కా, నేనూ వస్తాను!"

"అక్కర్లేదు. గిన్నెలు కడుక్కో."

పెద్ద డాక్టరు గది నడవా చివర. పదీ ఇరవై. ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఏదో రాస్తోంది.

"డాక్టరుగారూ, దర్జీ అమ్మాయి స్లైడు. మళ్ళీ చేసినది. ఒక్కసారి చూడాలి మీరు. ఇప్పుడే చూడాలి."

"రిపోర్టు ఇచ్చేశాను కదా?"

"మొదటిది తప్పండి. ఆ అమ్మాయికి పదకొండింటికి కరెంటు."

పెద్ద డాక్టరు కలం కింద పెట్టింది. స్లైడు పెట్టి కన్ను ఆనించింది. చెయ్యి ముందు సాక్షి వైపు జరగడం అక్క గమనించింది. తను తెచ్చిన స్లైడు కదా! ఆ తర్వాత గడ్డ ముక్క. చాలాసేపు చూసింది. చూస్తూండగానే ఆవిడ ముఖం విప్పారింది.

"అబ్బ! ఎంత బాగా వచ్చిందీ! నిండా ఉన్నాయి. నా బుద్ధి తక్కువ, ఆ వేళ సాక్షిని చూడనేలేదు." ఆవిడ ఫోను అందుకుంటూ, తల తిప్పకుండానే అడిగింది. "ఎవరు చేశారిది, చిన్నమ్మాయేనా?"

మామూలుగా అడిగిన మాటే. ఆవిడ దాన్ని అడగడం కూడా కాదు, అనుకోవడం. కానీ ఆ 'చిన్నమ్మాయేనా' అన్న మాట అక్క చెవికి సోకగానే, లోపల సర్దుకుని తెచ్చుకున్న మాటలన్నీ చెల్లాచెదురయ్యాయి. చెప్పాలనుకున్నవి నాలుగు వాక్యాలు. నడవా పొడవునా కూడబలుక్కుంది. వాటిలో ఒక్కటీ రాలేదు.

"నేనే" అంది.

"నువ్వా?" పెద్ద డాక్టరు తల తిప్పి చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం, సంతోషం, మెప్పు. మూడేళ్ళుగా అక్క ఆకలిగా ఎదురుచూసిన చూపు అది. "శభాష్ పెద్దమ్మాయ్!"

ఈలోపల ఫోను పలికింది. "హలో, కరెంటు గదేనా? దర్జీ అమ్మాయి వచ్చిందా? ముసుగు వేశారా? తీసెయ్యండి. ఆపండి, ఆపండి. రిపోర్టు మారుతోంది. ఇంజెక్షనే... అవును, నా పూచీ. ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఓ గ్లాసు మంచినీళ్ళివ్వండి, నేనే వచ్చి చెబుతాను."

ఫోను పెట్టేసింది. ఆ అమ్మాయి బయటపడింది. అది నిజం. అక్క మనస్ఫూర్తిగా దేవుడికి దణ్ణం పెట్టుకుందామనుకుంది. కానీ ఇప్పుడే అన్న 'నేనే' నోట్లో చేదులా నిలిచి అడ్డొచ్చింది.

"సరే. మరి మొదటిది ఎవరు చేశారు?" అంది పెద్ద డాక్టరు. గొంతులో మెత్తదనం పోయింది.

"నేను చేశానండి."

తలుపు దగ్గర చెల్లి. పరిగెత్తుకొచ్చినట్టుంది, ఊపిరి అందడం లేదు. ఎంతసేపయిందో వచ్చి. 'నేనే' అన్న మాట విన్నదో లేదో ముఖం చూస్తే తెలియలేదు. అక్క వైపు చూడలేదు.

"కుక్కర్ మూత సరిగా పెట్టలేదు. సాక్షి నీలంగా వచ్చింది."

"నీలంగా వస్తే చుక్క ఎలా పడింది? ఎవరు పెట్టారు చుక్క?"

అక్క చెల్లి నోటివైపే చూసింది. ఇదిగో, ఇప్పుడు చెబుతుంది. చెప్పాలి కూడా. చెబితే బాగుండును అని ఓ పక్క, వద్దని ఓ పక్క.

"నేనే పెట్టేసుకున్నాను" అంది చెల్లి.

పెద్ద డాక్టరు నుదుటి మీది కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నీ స్లైడుకు నువ్వే చుక్క పెట్టుకున్నావా?" పెద్ద డాక్టరు ఒక్కో మాటా విడదీసి అంది. "ఒకళ్ళు చేసింది ఇంకొకళ్ళు చూడాలని ఎందుకు పెట్టుకున్నాం ఈ పద్ధతి? నిన్ను నమ్మి నేను సాక్షిని చూడడం కూడా మానేశాను. మీ అక్క మళ్ళీ చెయ్యకపోతే ఆ పిల్ల ఏమయ్యేది?"

"తప్పయిందండి."

"తప్పు అని సరిపెట్టుకునేది కాదిది. రేపట్నుంచి రంగుల గదిలోకి రావద్దు. పై ఆఫీసుకు నేనే రాసి పంపిస్తాను. వెళ్ళు. పెద్దమ్మాయ్, ఇకనుంచి గది అంతా నీదే. నీకు చుక్క పెట్టడానికి ఇంకో మనిషిని చూస్తాను."

గది అంతా నీదే. కలలో కూడా ఇంత స్పష్టంగా విని ఉండదు ఆ మాట. వినగానే తీపిగా ఉండాలి కదా? అక్క ఆ తీపి కోసం లోపలంతా వెతుక్కుంది.

చెల్లి తెల్లకోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పి, కోటు మడత పెట్టి, కుర్చీ వీపు మీద వేసింది. తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

"డాక్టరుగారూ..." అంది అక్క. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఊఁ? ఇంకా ఏమైనా ఉందా?" అంది పెద్ద డాక్టరు, పై ఆఫీసుకు పంపే కాగితం ముందుకు లాక్కుంటూ.

చెల్లి వెనక్కి తిరగలేదు. కానీ గడియ మీది చెయ్యి ఆగింది.